మేము ఇంట్లో ఉన్నాము

మా ఇంట్లో మేం లేమని ప్రభుత్వం తేల్చిన రోజు పొద్దున మా ఆవిడ నాంచారమ్మ పెసరట్లు పోస్తోంది. తేల్చడానికి వచ్చినవాళ్లు తలా రెండు తిన్నారు. అల్లం పచ్చడి మళ్లీ వేయించుకున్నారు. చేతులు కడుక్కుని, తుడుచుకోవడానికి నా తువాలే అడిగి తీసుకుని, "ఈ గృహమునందు నివాసితులెవ్వరూ లేరు" అని గోడకు కాగితం అంటించారు. కాగితం అంటించడానికి కావలసిన మైదా జిగురు కూడా నాంచారమ్మే ఉడకబెట్టి ఇచ్చింది.

నా పేరు కోటిలింగం. పిండిమర నడుపుతాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. చదువుకున్నవాళ్లు ఒక మాట అన్నారంటే అందులో ఏదో ఉంటుందని చిన్నప్పటినుంచీ నమ్ముతూ, ఏమీ లేదని అప్పటినుంచే తెలుసుకుంటూ వస్తున్నవాణ్ణి.

మా శ్రమజీవి కాలనీ ఇళ్లు ప్రభుత్వం ఇచ్చినవి. ఇళ్లు పుచ్చుకుని కొందరు తాళాలు వేసి వేరే ఊళ్లో ఉంటున్నారని పైవాళ్లకు అనుమానం. పూర్వం ఈ అనుమానం తీర్చుకోవడానికి ఒక గుమాస్తా వచ్చి తలుపు తట్టేవాడు. లోపల్నుంచి "ఎవరూ?" అని వినబడితే మనుషులున్నారని రాసుకుని పోయేవాడు. ఇది మరీ మోటుగా ఉందని గృహ సాన్నిధ్య నిర్ధారణ శాఖ అని కొత్తది పెట్టి, ఇంటింటికీ ఒక కంప్యూటరు ఇచ్చారు. ఇంటి పెద్ద రోజూ పొద్దున తొమ్మిది లోపు దాన్ని ఆన్ చేసి, "మేము ఇంట్లో ఉన్నాము" అని టైపు చేసి, ఎంటర్ మీట నొక్కాలి. వరసగా వారం నొక్కకపోతే ఆ ఇల్లు ఖాళీ కింద లెక్క. ఖాళీ ఇంటిని కంప్యూటరే, ఇల్లు లేనివాళ్ల వరసలో ముందున్నవాడికి ఇచ్చేస్తుంది. మధ్యలో మనిషి చెయ్యి పడదు కాబట్టి లంచానికి తావు లేదన్నారు. లంచం అడిగే మనిషి లేనిచోట మొర వినే మనిషి కూడా ఉండడని మాకు అప్పుడు తట్టలేదు.

ఈ శాఖకు మా ఊళ్లో పెద్ద, ఉప సంచాలకులు పరాంకుశం గారు. ఆయన ఇంట్లో భార్యతో కూడా ప్రెస్ నోటు భాషలోనే మాట్లాడతారని చెప్పుకుంటారు. ప్రారంభోత్సవం నాడు మైకు పుచ్చుకుని ఇలా అన్నారు:

"కాలనీవాసులకు మార్గదర్శకముగా నుండు నిమిత్తం మా కార్యాలయమునే ఆదర్శ గృహముగా ప్రకటించుచున్నాను. జాబితాలో మొట్టమొదటి ఇల్లు మాదే. మేమునూ ప్రతిదినము మీతోపాటు హాజరు వేసెదము. మా యంత్రమునుండి ఏ ఇంటి హాజరైననూ వేయవచ్చును, తప్పిన హాజరునూ సరిదిద్దవచ్చును. అయితే అది అధికారులకు మాత్రమే. ఇక కీబోర్డు తీగకు లక్క సీలు వేయించితిమి. సీలు ఊడినచో ఇల్లు ఊడినట్లే!"

మేం చప్పట్లు కొట్టాం. ఎండలో ఇంకేం చేస్తాం.

కొన్నాళ్లు బాగానే నడిచింది. నేను ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాణ్ణి. వెనక నుంచి నాంచారమ్మ, "పాలు పొంగుతున్నై, కాస్త దించకూడదూ?" అని కేకేసేది.

"ఉండవే, మనం ఉన్నామని చెప్తన్నా."

"ఉంటే పాలు దించొచ్చుగా!"

ఇంతలో దసరా వచ్చింది. కాలనీలో ఎవరో కంప్యూటరు మీద అప్పడాలు ఎండబెట్టారని పరాంకుశం గారికి తెలిసిందట. యంత్రం పట్ల ప్రజల్లో భక్తి లేదని ఆయన చాలా బాధపడి ఒక ఉత్తర్వు తీశారు. పథకపు కంప్యూటర్లన్నింటికీ ఆయుధపూజ విధిగా జరపాలి. కీబోర్డులో మీటమీటకూ విడివిడిగా పసుపూ కుంకుమా పెట్టాలి. నైవేద్యం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫోటో పంపాలి. పంపనివారిని యంత్రద్రోహులుగా పరిగణిస్తారు.

పూజ మాకు కొత్త కాదు. నా పిండిమరకు ఏటా చేస్తాను. ఏడాది పొడుగునా కారం, శనగపిండి మింగే మోటారుకు చిటికెడు పసుపు ఒక లెక్కా? పైగా నాంచారమ్మ ఏ పనీ సగం చెయ్యదు. పీట వేసి, ముగ్గు పెట్టి, మీటమీటకూ బొట్టు పెట్టి, పానకం చేసి పెట్టింది. నేను ఫోటో తీసి పంపాను. సాయంత్రానికి తిప్పి పంపారు. "పసుపు స్పష్టముగా కానరాలేదు. భక్తి చాలదు" అని.

నాంచారమ్మకు రోషం వచ్చింది. "నా భక్తి చాలదా? ఆ మాటన్నవాడి మొహాన..." అంటూ తడిపసుపు గిన్నెడు కలిపి తెచ్చింది. ఈసారి మీటలు కనబడలేదు. పెళ్లికూతురి పాదాల్లా ఉంది కీబోర్డు. దాని మీద ఇంత పానకం కూడా చిలకరించింది. ఫోటో పంపితే వెంటనే జవాబొచ్చింది: "ప్రశంసనీయం."

మర్నాడు పొద్దున ఆన్ చేశాను. కంప్యూటరు లేచినట్టే లేచి, కుయ్యి కుయ్యిమని అరవడం మొదలుపెట్టింది, తోక తొక్కిన కుక్కపిల్లలా. తెర మీద అక్షరాలు వచ్చాయి. కూడబలుక్కుని చదివాను: "కీబోర్డు కనబడలేదు. కొనసాగుటకు కీబోర్డుపై ఏదైనా మీట నొక్కండి."

నాంచారమ్మ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి చూసింది. "కనబళ్లేదంటా, మళ్లీ దాన్నే నొక్కమంటాడేంది?"

"చదువుకున్నోళ్లు రాశారే. ఏదో ఉంటది."

"ఏమీ ఉండదు" అంది. నాకు పడుతూ లేస్తూ ఇన్నేళ్లు పట్టిన సంగతి ఆమెకు బడి మొహం చూడకుండానే తెలుసు.

ఆపి ఆన్ చేశాను. తీగలు కదిపాను. తిరగేసి దులిపాను; ఎండిన కుంకుమ రాలింది. తడిగుడ్డతో తుడిచాను, నాంచారమ్మ విసనకర్రతో విసిరింది. చివరికి నా పిండిమర మొరాయిస్తే ఏం చేస్తానో అదే చేశాను. పక్కన చిన్న తన్ను తన్నాను. అరుపు ఇంకో శ్రుతిలోకి మారింది, అంతే. కొత్త కీబోర్డు కొని తగిలిద్దామంటే లక్క సీలు అడ్డం. సీలు ఊడితే ఇల్లు ఊడుతుంది.

సహాయ కేంద్రానికి ఫోను చేశాను. ముందు రికార్డు గొంతు ఒకటి, కరెంటు ఉందా, ప్లగ్గు పెట్టారా, కళ్లు తెరిచే చూస్తున్నారా అని అడిగింది. కీబోర్డు పనిచేయకపోతే ఆ సంగతి మీ కంప్యూటరులో టైపు చేసి పంపండి అని చెప్పింది. చాలాసేపు వీణ వాయించాక ఒక అమ్మాయి దొరికింది.

"అమ్మా, మా కీబోర్డు పోయిందమ్మా. మెకానిక్కుని పంపండి."

"సార్, మెకానిక్ నివాసం ఉన్న ఇళ్లకే వస్తారు సార్. మీ ఇంటి నుంచి హాజరు లేదు కదా సార్."

"మేం ఇంట్లోనే ఉన్నాం తల్లీ. ఆ హాజరు వెయ్యటానికే మెకానిక్కు."

"హాజరు వేస్తే పంపిస్తాం సార్."

"నేను మాట్లాడుతోంది ఇంట్లోంచే గదా!"

అమ్మాయి గొంతు తగ్గించింది. "ఖాళీ ఇంట్లోంచి మాట్లాడుతున్నానని పైకి చెప్పకండి సార్. కేసవుద్ది."

ఇల్లు పోతుందన్న భయం అప్పుడు పట్టుకుంది. ఆ గోడలకు సున్నం నేను వేశాను. ఆ గుమ్మానికి పిండిమర పాత రాయి మెట్టుగా వేసుకున్నాను. వేరే చోట మాకు నిలువ నీడ లేదు. వారం తిరగడానికి ఇంకా మూడు రోజులుండగా, మర మూసి, చొక్కా మార్చుకుని పరాంకుశం గారి ఆఫీసుకు పోయాను.

ఆయన ముందు బల్ల, బల్ల మీద తాంబూలం, వెనక బీరువా. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది.

"అయ్యా, మా కీబోర్డు పనిచెయ్యట్లేదండి."

"ఫిర్యాదు దాఖలు పరచితిరా?"

"దాఖలు చెయ్యాలంటే కీబోర్డు కావాలంటన్నారండి."

"సబబే. శాఖ సేవలన్నియు కంప్యూటరు ద్వారానే లభ్యమగును. మీకు మినహాయింపు ఇచ్చినచో రేపు ప్రతివాడూ తన కంప్యూటరు పనిచేయుటలేదనును."

"పనిచెయ్యకపోతే అంటాడు గదండీ."

"చూచితిరా! మీరే ఒప్పుకొనుచున్నారు."

నేను కాస్త దగ్గరకు జరిగాను. "అయ్యా, మీ కళ్లెదురుగా ఉన్నాను. మనిషిని. మేం ఎక్కడికీ పోలేదండీ."

పరాంకుశం గారు జాలిగా చూశారు. "అదియే మాకునూ విచారకరము. ఈ క్షణమున మీరు ఎచట నున్నారు? మా కార్యాలయమునందు. అనగా ఇంట్లో లేరు. మీ గైర్హాజరును మీరే స్వయముగా విచ్చేసి ధ్రువీకరించుచుంటిరి. ఇంతకన్న బలమైన సాక్ష్యము మేము కూడా సంపాదించలేము."

ఇంట్లో కూర్చుంటే ఫిర్యాదు లేదు, ఫిర్యాదుకు వస్తే ఇంట్లో లేను. ఆయన చెప్పిన తీరు చూస్తే నాకే నా మీద అనుమానం వచ్చింది.

"పోనీ మీ ఆదర్శ గృహం కంప్యూటర్లోంచి మా హాజరు సరిచెయ్యండయ్యా. ఏ ఇంటిదైనా వెయ్యొచ్చని మైకులో అన్నారు గదా."

ఆయన మొహం ఒక్కసారి మారింది. "అది విధానపరమైన అంశము. పరిశీలనలో నున్నది." అని లేచి లోపలి గది తలుపు ఇంకా గట్టిగా మూశారు. మూసేలోపు లోపల్నుంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది. కుయ్యి కుయ్యిమని. ఆ అరుపు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. అప్పుడే గుర్తొచ్చింది: మా ఇళ్లల్లో ఒక్కో కొబ్బరికాయ కొడితే ఆదర్శ గృహంలో గంపెడు కొట్టించారని, మా పూజలన్నీ అయ్యాక ముగింపుగా ముందురోజే పరాంకుశం గారు స్వహస్తాలతో కీబోర్డుకు పంచామృతాభిషేకం చేశారని ఆ పొద్దున పేపర్లో ఫోటో పడింది.

నమస్కారం పెట్టి వచ్చేశాను.

తర్వాత వారం తిరిగింది. ఖాళీ నిర్ధారణ బృందం వచ్చింది, పెసరట్లు తింది. ఆ సంగతి చెప్పాను. చెప్పనిది ఒకటుంది. కాగితం అంటించాక ఫోటో తీయాలి కదా. బృందం పెద్ద చాలా మర్యాదస్తుడు. "బాబాయ్ గారూ, పిన్నిగారూ, ఒక్క నిమిషం ఇటు పక్కకు జరగండి. మీరుంటే ఇల్లు ఖాళీగా పడటల్లేదు" అన్నాడు. మేం పక్కకు జరిగాం. పొయ్యి మీద అట్టు మాడుతోంది. "ఆ పొగ కూడా రాకూడదు పిన్నిగారూ" అన్నాడు. నాంచారమ్మ పొయ్యి ఆర్పింది. ఫోటో చాలా బాగా వచ్చింది. ఇల్లు నిజంగానే ఖాళీగా ఉంది. తాళం వేసుకుని వెళ్లిపోయారు. మేం అరుగు మీద కూర్చున్నాం.

సాయంత్రం ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి గ్యాస్ బండా, పరుపు చుట్టా, ఒక మేకపిల్లా దిగాయి. వాటి వెనక మస్తాన్ వలి దిగాడు. వెనక వీధివాడే, ఆటో తోలుతాడు. చేతిలో తాళంచెవి.

"కోటయ్యన్నా, ఏమనుకోకు. మీ ఇల్లు నాకిచ్చారు."

"నీ ఇల్లేమైందిరా?"

"ఖాళీ అయింది. కొబ్బరికాయ ఆటో ముందు కొట్టినట్టే కంప్యూటరు నెత్తిన కొట్టా. ఫోటో కోసం ఓసారి, అది సరిగా పళ్లేదన్నారని ఇంకోసారి. ఇక బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. నీదన్నా నయం, అరుస్తంది."

నాంచారమ్మ కొంగు నడుముకు చుట్టుకుని లేచింది. "ఏరా మస్తానూ, మా ఇంట్లో నువ్వు దిగుతావా?"

"దిగక ఏం చేయనొదినా, లేకపోతే ఇంకెవడన్నా కొత్తోడు దిగుతాడు. రండి, లోపలికి రండి. మా ఇంట్లో మీరు చుట్టాలు." తాళం తీసి, గుమ్మం పక్కన నిలబడి, చేత్తో దారి చూపించాడు. "కాళ్లు కడుక్కోండి."

మా ఇంట్లో మేం చుట్టాలమైపోయాం. నాంచారమ్మ తన వంటింట్లోకి తాను పోయి, తన ఉప్పు డబ్బా ముట్టుకునే ముందు మస్తాన్ పెళ్లాం వైపు చూసింది. ఆ చూపు చూశాక నాకు నవ్వు పోయింది.

రాత్రి భోజనాలప్పుడు మస్తాన్ అన్నాడు: "అన్నా, ఈ ఇంట్లో కీబోర్డు పోయింది గదా. నేనూ హాజరు వెయ్యలేను. వారం పోతే నేనూ ఖాళీ. ఆపైన ఎవడొస్తాడో, మనిద్దరం ఎక్కడికి పోతామో."

"నా వరస ఎక్కడుందో?"

"ఇల్లు ఊడినోళ్లని కంప్యూటరు వరసలో ముందు పెడుతుందంట. అందులో నువ్వు నాకంటే ఒక్క మెట్టు వెనక. ఇప్పుడు నాకు ఇల్లొచ్చింది. ఇక నువ్వే ముందు."

నాలుగో రోజున నా ఫోను మోగింది. మస్తానే చదివి పెట్టాడు. చదువుతూ చదువుతూ మేకపిల్ల మీద కూర్చోబోయాడు.

"అభినందనలు. ఖాళీగా నున్నట్లు నిర్ధారించబడిన ఈ క్రింది ఇల్లు మీకు కేటాయించబడినది: ఇంటి వరుస ఒకటి, ఆదర్శ గృహం."

పరాంకుశం గారి ఆఫీసువాళ్లు ఆ అభిషేకం నాటి నుంచీ హాజరు వేయలేకపోయారు. చెప్పుకుంటే పరువు పోతుందని చెప్పుకోలేదు. చెప్పుకుందామన్నా టైపు చేసి చెప్పాలి. కంప్యూటరు ఎవరి మొహమూ చూడదని వాళ్లే కదా అన్నది.

మర్నాడు తెల్లారేసరికి మస్తాన్ ఆటోలో సామాను వేసుకుని ఆఫీసుకు చేరాం. కాలనీ సగం వెనక నడిచి వచ్చింది. కాపలావాడికి ఫోనులో ఉత్తర్వు చూపించాం. వాడు మా వైపు, లోపలి వైపు చూసి, "ఎప్పటికైనా ఇట్టాంటిదేదో జరుగుద్దనుకున్నా" అని తాళం తీశాడు.

నాంచారమ్మ గుమ్మానికి నీళ్లు చల్లింది. పరాంకుశం గారి బల్ల మీద స్టవ్వు పెట్టింది. నేను ఆయన కుర్చీలో కూర్చోలేదు, అది మెత్తగా ఉంది, నడుము పట్టేస్తుంది. నా నులకమంచం వాల్చుకున్నాను. మస్తాన్ పెళ్లాం కిటికీకి తాడు కట్టి బట్టలారేసింది.

ఎనిమిదికి పరాంకుశం గారు ఊపిరాడకుండా పరుగెత్తుకొచ్చారు. ఆ ఆఫీసుకు ఆయన ఎనిమిదింటికి రావడం అదే మొదటిసారని కాపలావాడు తర్వాత చెప్పాడు. ఆరోజు పదింటికి పెద్ద కమిషనర్ గారి తనిఖీ ఉందట.

"ఏమిటీ అరాచకము! ఎవరు మీరు? ఇది ప్రభుత్వ కార్యాలయము!"

నేను లేచి నిలబడ్డాను. పెద్దలంటే గౌరవం నాకు. "కూర్చోండయ్యా. ఇది మా ఇల్లండీ. మీరు ఇక్కడ లేరండీ."

"నేను లేకపోవుటేమిటి! నీ కళ్లెదుట నిలబడి యుంటిని!"

"అదేనండీ మాకూ విచారంగా ఉంది. హాజరు లేదు గదండీ."

"మా యంత్రమునకు స్వల్ప సాంకేతిక..."

"ఫిర్యాదు పెట్టారా అండీ?" అని మస్తాన్ అడిగాడు. "టైపు చేసి?"

బయట జనం ఒక్కసారి నవ్వారు. పరాంకుశం గారు చెమట తుడుచుకున్నారు. మొదటిసారి ఆయన నోటి నుంచి మామూలు తెలుగు వచ్చింది. "ఏమయ్యా, తొమ్మిదిలోపు హాజరు పడకపోతే నా ఉద్యోగం పోద్దయ్యా. నీకు దణ్ణం పెడతా, లేవండి."

"మెకానిక్కు కావాలంటే ఇంట్లో మనుషులుండాలండీ. ఇప్పుడు మేమున్నాం. మేం పిలవొచ్చు. ఇష్టమైతే పిలుస్తాం" అన్నాను.

"మెకానిక్కు అక్కర్లేదు" అంటూ ఆయన వెనక బీరువా తెరిచారు. అడుగు నుంచి పై అర దాకా కొత్త కీబోర్డులు, ప్లాస్టిక్ సంచీ విప్పనివి. కాలనీకంతా సరిపోను ఉన్నాయి.

నాంచారమ్మ అట్ల కాడ దించింది. "ఇన్ని పెట్టుకుని మా కొంపలు తీశారా?"

"ఫిర్యాదు టైపు చేసి పంపినవారికే ఇవ్వవలెనని నిబంధన" అన్నారాయన, తల వంచుకుని.

లక్క సీలు దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగారు. ఊడినచో ఇల్లు ఊడినట్లే అన్న నోరు అదే కదా. గోళ్లతో గీకి, పళ్లతో కొరికి పీకారు. కొత్త కీబోర్డు తగిలించారు. అరుపు ఆగింది. అంత నిశ్శబ్దం దసరా తర్వాత నేను విని ఎరగను. ఆయన వేలు ఆదర్శ గృహం వరస మీదకు పోతుంటే నేను ఆ చెయ్యి మెల్లగా పట్టుకున్నాను.

"ఇంటివాళ్లు మేం. వచ్చినవాళ్లు మీరు. ముందు మా కాలనీది."

"టైము లేదయ్యా!"

"అయితే తొందరగా కొట్టండి."

కొట్టారు. మా ఇంటిది ముందు. "మేము ఇంట్లో ఉన్నాము." ఎంటర్. మా ఇల్లు మాకు తిరిగొచ్చినట్టు తెర మీద పడింది. నాంచారమ్మ వంగి చూసింది. అక్షరాలు రాకపోయినా ఆ మాట రూపం ఆమెకు తెలుసు, రోజూ నా వెనక నిలబడి చూసిందే కదా. తర్వాత మస్తాన్‌ది. తర్వాత కిటికీలోంచి జనం ఒక్కో పేరూ చెబుతుంటే ఒక్కొక్కటి. "అయ్యగారూ, మా అత్తది కూడా!" "సారూ, మా ఇల్లు మూలది!" ఆయన కూడా నాలాగే ఒంటి వేలితోనే కొడతారని అప్పుడు తెలిసింది. అంత చదువూ చదివి.

కాలనీ అయిపోయింది. ఆయన ఒగరుస్తూ ఆదర్శ గృహం వరస నొక్కి, "మేము ఇంట్లో" దాకా కొట్టారు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: "నేటి హాజరు సమయము ముగిసినది."

కమిషనర్ గారు వచ్చినప్పుడు ఆయన ఇంకా ఆ తెర ముందే కూర్చుని ఉన్నారు. కమిషనర్ గారు బట్టలారేసిన తాడు కింద నుంచి వంగి లోపలికి వచ్చి, ముచ్చటపడి, "ఆదర్శ గృహం అంటే ఇలా ఉండాలి. ఏమ్మా, సౌకర్యంగా ఉందా?" అని నాంచారమ్మను అడిగారు.

"గాలి సరిగా రాదండీ. కానీ ఆ పెద్దాయన చానా మంచోడు, పొద్దున్నుంచీ వంచిన నడుం ఎత్తకుండా పనిచేస్తన్నాడు" అంది. కమిషనర్ గారు పెద్దాయన భుజం తట్టి, రెండు పెసరట్లు తిని వెళ్లారు.

మేం మా ఇంటికి వచ్చేశాం. గోడ మీద కాగితం నాంచారమ్మ గోరువెచ్చని నీళ్లతో తడిపి పీకేసింది. జిగురు తనదే కాబట్టి ఎట్లా వదులుతుందో తెలుసు. ఆ బీరువాలోంచి తెచ్చుకున్న కొత్త కీబోర్డు తగిలించాం. కంప్యూటరు దగ్గరకు ఇప్పుడు పసుపు గిన్నెను రానివ్వం. హాజరు వేస్తున్నాం.

అయితే ఆదర్శ గృహం మాత్రం రికార్డులో ఇంకా నా పేరనే ఉంది. దాన్ని తీసెయ్యాలంటే ఇల్లు వదులుకుంటున్నట్టు ఆ ఇంట్లోవాళ్లే హాజరు వేసి చెప్పాలట, ఆ ఇంట్లోవాళ్లంటే నేనట. మొన్న ఒక నోటీసు వచ్చింది. మస్తాన్ చదివాడు.

"మీకు కేటాయించబడిన ఆదర్శ గృహమునందు కొందరు అనధికార వ్యక్తులు పగటివేళ బల్లలు, కుర్చీలు వేసుకొని నివసించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. వారిని తక్షణమే ఖాళీ చేయించగలరు. లేనియెడల మీపై చర్య తీసుకొనబడును. ఇట్లు, పరాంకుశం, ఉప సంచాలకులు."

"ఏం చేద్దామన్నా?" అన్నాడు మస్తాన్. "ఆటో తియ్యమంటావా?"

నేను నాంచారమ్మ వైపు చూశాను. ఆమె పెనం మీద అట్టు తిరగేసింది.

"ఉండనీయండి పాపం" అంది. "వాళ్లకి మాత్రం ఇంకెక్కడుంది?"